గడ్డి ఉందని బాక్టీరియాకి ఎవరు చెప్పారు?

మా బావగారు ఆధ్యాత్మిక ప్రసంగాలు బాగా వింటారు. మొన్న మా ఇంట్లో ఇలా వాదించారు: "బాక్టీరియాకి కళ్ళు లేవు, మెదడు లేదు. అయినా గడ్డి దొరికినప్పుడు దాన్ని అరిగించే ఎంజైముల్ని ఎక్కువగా తయారు చేస్తుందట. లోపల దివ్యచైతన్యం లేకపోతే గడ్డి ఉందని దానికెలా తెలుస్తుందయ్యా?"

ప్రశ్న మంచిదే. ఆయన అనుకున్నదాని కంటే కష్టమైనది కూడా. గడ్డిలోని సెల్యులోజ్ గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. అది నీళ్ళలో కరగదు, కణంలోకి దూరదు. మరి లోపలున్న జన్యువుకి కబురెలా అందుతుంది?

థెర్మోబిఫిడా ఫస్కా అనే బాక్టీరియాని చూడండి. ఇందులో సెల్ఆర్ అనే ప్రోటీన్ సెల్యులేజ్ జన్యువుల ముందు డి.ఎన్.ఎ.కి అతుక్కుని వాటికి తాళం వేస్తుంది. ఆ తాళం పూర్తిగా బిగియదు, కొద్దిపాటి ఎంజైము ఎప్పుడూ బయటకి పోతూనే ఉంటుంది. బయట గడ్డి ఉంటే ఆ ఎంజైము సెల్యులోజ్‌ని తెంచుతుంది. అలా పుట్టిన సెల్లోబయోస్ అనే చిన్న చక్కెర లోపలికి వచ్చి సెల్ఆర్‌కి తగులుకుంటుంది. సెల్ఆర్ పట్టు సడలి తాళం ఊడుతుంది.

క్లోస్ట్రిడియం థెర్మోసెల్లమ్‌లో ఇంకో పద్ధతి ఉందని 2010లో ప్రచురించారు. దాని పొరలో ఉన్న ప్రోటీన్ ఒక కొస బయట సెల్యులోజ్‌ని తాకుతుంది. లోపలి కొస తను పట్టుకున్న సిగ్మా ప్రోటీన్‌ని వదిలేస్తుంది. అది వెళ్ళి జన్యువుని పనిలో పెడుతుంది.

ఇందులో చైతన్యం ఎక్కడుంది? ఉన్నది అణువుల ఆకారాలూ, అతుక్కోవడాలూ, ఊడిపోవడాలూ.

"ఆ అణువులకి తెలివి ఇచ్చిందే దేవుడు" అన్నారు బావగారు. తెలివే అయితే ఇంత తేలికగా మోసపోతుందా? ఈ.కోలైలో లాక్టోజ్ (పాలలోని చక్కెర) జన్యువులకీ ఇలాంటి తాళమే ఉందని 1961లో జాకబ్, మొనో వివరించారు, 1965లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఐ.పి.టి.జి. అనే కృత్రిమ రసాయనాన్ని ఈ.కోలై అరిగించుకోలేదు. అయినా అది తగిలితే చాలు, తాళం ఊడి, పనికిరాని ఎంజైముల్ని కుప్పలుగా తయారు చేస్తుంది. సర్వజ్ఞుడైన దేవుడు నడిపితే పాలేవో, ప్రయోగశాల రసాయనమేదో తెలియదా?

"ఎవరు?" అని అడిగితే కథ వస్తుంది. "ఎలా?" అని అడిగితే జ్ఞానం వస్తుంది. 1978లో బాక్టీరియా చేత తొలిసారి మానవ ఇన్సులిన్ తయారు చేయించినప్పుడు వాడినది ఆ లాక్టోజ్ తాళాన్నే.

మా బావగారు మధుమేహ రోగి. ప్రసంగానికి వెళ్ళే ముందు ఇన్సులిన్ వేసుకుని మరీ వెళ్తారు.