పిల్ల గురించి రాయండి, మొగుడి గురించి కాదు

కస్టడీ కేసు కోసం మన ఆడవాళ్ళం రాసుకెళ్ళే కాగితంలో పిల్ల ఎక్కడో చివర వస్తుంది. ముందంతా పెళ్ళిలో పెట్టిన బంగారం, అత్తగారి మాటలు, ఆయన తాగుడు. అవన్నీ నిజమే కావచ్చు. కానీ జడ్జిగారు తేల్చాల్సింది మీ ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళని కాదండీ, పిల్ల ఎవరి దగ్గర బాగుంటుందని. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టమైనా చూడమనేది పిల్ల క్షేమమే. అయిదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టంలో ఉంది. ఆ 'మామూలుగా' అన్న మాట గమనించండి. తల్లిని కాబట్టి నాకే ఇస్తారన్న ధీమా పనికిరాదు.

మన పలాసలో ఒక తల్లిని అనుకుందాం. జీడి ఫ్యాక్టరీలో పని. మొగుడు చెన్నైలో. కూతురు రెండో తరగతి. "పిల్లని ప్రాణంగా చూసుకుంటున్నాను" అని ఆవిడ రాస్తే, అటువాళ్ళూ అదే ముక్క రాస్తారు. అలా కాకుండా, "పొద్దున్న జడ వేసి, అన్నం పెట్టి, బడికి నేనే దిగబెడతాను. బడి వదిలాక నేను పని నుంచి వచ్చేదాకా మా అమ్మ దగ్గర ఉంటుంది. జూన్‌లో జ్వరం వస్తే టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాను, చీటీ జత చేశాను" అని రాస్తే? పిల్ల రోజు ఎలా గడుస్తుందో జడ్జిగారి కళ్ళకి కడుతుంది.

ఉద్దానం ఇళ్ళలో ఇంకో చిక్కుంది. తాతగారు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. "ఇంట్లో రోగి ఉంటే పిల్లనెవరు చూస్తారు?" అని అటు లాయరు అడుగుతాడని ఆ సంగతే దాచేస్తారు. దాచకూడదంటాను నేను. ఆయన ఏ రోజుల్లో వెళ్తారు, తోడు ఎవరు, ఆ పూట పిల్ల ఎవరి దగ్గర తింటుంది, ఇవి మనమే ముందు రాసేస్తే ఇక వాళ్ళు అడగడానికేముంది? "ఉద్దానం నీళ్ళు మంచివి కావు, పిల్ల సిటీలోనే ఉండాలి" అని కూడా అనొచ్చు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు, మనం కోర్టులో తేలుస్తామా! పిల్ల ఏ నీళ్ళు తాగుతోందో రాస్తే చాలు.

ఆయన చేసిన మంచి కూడా రాయమంటే చాలామందికి ఒళ్ళు మండుతుంది. ఫీజు పంపితే పంపాడనే రాయాలి. ఆదివారాలు ఫోన్లో మాట్లాడితే అదీ రాయాలి. పిల్లని చూడ్డానికి ఏ రోజుల్లో రావచ్చో మనమే చెబితే ఇంకా మంచిది.

కొట్టేవాడి సంగతి వేరు. పిల్ల కోసం రాస్తున్నాం కదా అని దెబ్బల్ని మింగెయ్యక్కర్లేదు. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు చూశారు, అప్పుడు పిల్ల ఎక్కడుంది, ఆ రాత్రి నిద్రపోయిందా లేదా రాయండి. "రాక్షసుడు" అన్న మాట అక్కర్లేదు, తేదీ చాలు. 2005 గృహహింస చట్టం కింద తాత్కాలిక కస్టడీ అడిగే దారి కూడా ఉంది.

అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి చెప్పడం. కళ్ళారా చూసింది వేరు, పక్కింటావిడ చెప్పింది వేరు. నాకు అన్నిటికన్నా బాధనిపించేది, పిల్లకి మాటలు నేర్పి పంపడం. కాస్త ఊహ తెలిసిన పిల్లయితే జడ్జిగారు తననే అడగొచ్చు. అప్పుడు "నాన్న వద్దని చెప్పు" అని ఇంటి దగ్గర బట్టీ పట్టించడం ఆ పసిదాని మీద ఎంత బరువో ఆలోచించండి.

లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు పిల్ల బడి హాజరు, టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళండి.