బడికి టీసీ ఉంది, ఆరోగ్యానికి?

మా నాన్నగారికి గమ్హరియా నాలుగో బదిలీ. ప్రతిసారీ అమ్మ ముందుగా భద్రం చేసేవి మా టీసీలు, మార్కుల జాబితాలు. ఆసుపత్రి కాగితాలు మాత్రం ఏదో ఒక అట్టపెట్టె అడుగుకు చేరేవి.

ఇంతకు ముందున్న ఊళ్లో తమ్ముడికి జ్వరం వస్తే ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. ఆ మందు వాడికి పడదని అంతకుముందు డాక్టరుగారు రాసిచ్చిన కాగితం ఇంకా విప్పని పెట్టెలోనే ఉంది. కంగారులో అమ్మకు కూడా గుర్తు రాలేదు. వెంటనే వైద్యం అందడంతో గండం గడిచింది.

అందరూ నర్సుగారిని తప్పుపట్టారు. నేనూ మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది సరికాదనిపిస్తోంది. అక్కడి చీటీలో "ఏ మందు పడదు?" అని రాసే గడే లేదు. అడగమని గుర్తుచేసేది ఏదీ లేదు. ఆమె చోట ఎవరున్నా అదే జరిగేదేమో!

మన గమ్హరియా స్టేషన్ మీదుగా వెళ్లే రైళ్లనే చూడండి. లోకో పైలట్, అతని సహాయకుడు సిగ్నల్ రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. సిగ్నల్ వ్యవస్థలో లోపం వస్తే ఎర్రదీపం వెలిగి రైలు ఆగేలా అమర్చారు. మనిషి పొరబడవచ్చు, యంత్రం చెడిపోవచ్చు అని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాటు ఇది. సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటే ఇలా ఆలోచించడమే.

వైద్యంలోనూ ఇది కొత్త కాదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవలో ఫోన్ తీసేవారు, అంబులెన్సు నడిపేవారు, దారిలో చికిత్స చేసేవారు ఒకే గొలుసులో పనిచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక తెచ్చింది. "రోగికి పడని మందులున్నాయా?" అన్నది అందులో ఒక ప్రశ్న. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూశారు. ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి.

"రద్దీలో ఈ రాతపని ఎవరు చేస్తారు?" అని కొందరంటారు. ఒక్క ప్రశ్నకు అర నిమిషం చాలు. "అయితే తప్పు ఎవరిదీ కాదా?" అని ఇంకొందరు అడుగుతారు. నిర్లక్ష్యం చేసినవారిని తప్పక అడగాలి. కానీ ఒక నర్సును తీసేసినంత మాత్రాన చీటీలో ఆ గడి రాదు కదా! రేపు మరొకరి తమ్ముడికి అదే జరుగుతుంది.

అందుకే ప్రతి ఆసుపత్రి చీటీలోనూ ఆ గడి ఉండాలని నా అభిప్రాయం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మిత్రులారా, మనం తరచూ ఊళ్లు మారేవాళ్లం. మన సంగతి కొత్త డాక్టరుకు తెలియదు. 14 అంకెల ఆభా నంబరు తీసుకుంటే ఆరోగ్య వివరాలు మన వెంట రావడానికి వీలుంటుంది. దానితోపాటు ఒక చిన్న అట్టముక్క మీద రక్తం గ్రూపు, పడని మందులు, రోజూ వాడే మందులు, ఇంటి ఫోన్ నంబరు రాసి బడిసంచిలో పెట్టుకుందాం. తమ్ముడి అట్ట నేనే రాశాను. ఈసారి బదిలీలో అది టీసీతోపాటే వచ్చింది.