విసుగని ప్రార్థన
ఇల్లు విడిచిపోయిన సహోదరుని కొఱకు మేము 12 సంవత్సరములుగా ప్రార్థించుచున్నాము, పలుమాఱు విసిగితిమి. అట్టి వేళల మోనికా చరిత్రము మాకు ఊఱట నిచ్చెను. క్రీ.శ. 383లో కుమారుడైన అగస్టీను రోమునకు పోకుండునట్లు ఆమె కార్తేజి రేవు చెంత రాత్రియెల్ల కన్నీటితో ప్రార్థించెను. అతడు తల్లిని వంచించి ఆ రాత్రియే ఓడ యెక్కెను. ప్రార్థన వ్యర్థమైనట్లే తోచెను. అయినను ఆ ప్రయాణమే అతనిని తుదకు మిలాను నగరమున అంబ్రోజు బిషప్పు బోధ వినునట్లు చేసెను. తల్లియు అచ్చటికి వెళ్లెను. 387లో అతడు బాప్తిస్మము పొందెను. ఆమె ఆ రాత్రి అడిగినది దొరకలేదు; చిరకాలము అడిగినది దొరకెను. కావున ఒక్క దినపు నిరాశతో దేవుని కృపను కొలువరాదని మా యభిప్రాయము. తల్లిదండ్రులారా, ప్రార్థన మానకుడి, వాకిలి మూయకుడి. విద్యార్థులారా, మీ కొఱకు ఇంట మోకరించువారిని మఱవకుడి.