శివయ్య సీమోను ఎందుకయ్యాడు?

మతం మారిన దళితుల మాట వస్తే చాలు, "కూటి కోసం మారారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాలేజీలోనో, బస్సులోనో ఈ మాట మనలో చాలామంది విన్నదే. దీనికి జవాబు వెతుక్కునే మిత్రులంతా జి. కళ్యాణరావు గారి నవల 'అంటరాని వసంతం' (2000) చదవాలని నా అభిప్రాయం.

ముందు చరిత్ర చూద్దాం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఆ కరువు పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాకే మళ్లీ మొదలయ్యాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలి కోసమే అయితే కూలి ఆగిపోయాక ఎందుకు వచ్చినట్టు?

మిషన్ చరిత్రలో వాళ్లు ఒక అంకె. నవలలో వాళ్లకు పేర్లున్నాయి. శివయ్య, శశిరేఖ ఆకలితో కాలువ పనికి వెళ్తారు. అంటరానివాళ్లని అక్కడా తరిమేస్తారు. కరువులో కూడా కులం చావలేదు! శివయ్య సీమోను కావడం వెనుక ఆకలి ఉంది, దానికి మించిన అవమానం ఉంది. ఆకలితో ఉన్నవాణ్ణి ఎగతాళి చేసేవాళ్లు, ఆ ఆకలిని సృష్టించిందెవరో చెప్పరేం?

నవల మిషన్‌కు భజన చేయదు. సీమోను కొడుకు రూబేను, కోడలు రూతు, వాళ్ల తర్వాతి తరాలు కూడా కులాన్ని ఎదుర్కోక తప్పలేదు. పేరు మారినా వాడ మారలేదు. చట్టానికి మాత్రం మారినట్టే కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సి. అందుకే ఇంట్లో ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు ఉన్నవాళ్లు ఎందరో! తప్పు ఆ పిల్లలదా, రెండు పేర్లు పెట్టుకోక తప్పని స్థితిదా?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాతల గురించి రాసిన కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. నవలలో రూతు తన జ్ఞాపకాలతోనే అన్ని తరాల కథా చెప్పింది. తమ్ముళ్లూ, ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ అవ్వ పక్కన కూర్చోండి. మీ ఇంట్లో ఎవరి పేరు ఎప్పుడు, ఎందుకు మారిందో అడిగి రాసుకోండి. మన చరిత్ర మనం రాసుకోకపోతే, "కూటి కోసం" అనేవాళ్లే రాస్తారు.