రైలు కూతలో ఒక గ్రహం

"ఎక్కడో 340 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహంతో మనకేం పనిరా?" అని మా నాన్న అడిగారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా, ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. హాస్టల్ తమ్ముళ్ళూ, ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

ఆ గ్రహం పేరు సంతమస. బృహస్పతి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది. తన నక్షత్రానికి ఎంత దగ్గరగా ఉందంటే, సుమారు రెండు రోజుల మూడు గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. అక్కడ ఏడాది అంటే అంతే! వేడి వెయ్యి డిగ్రీల పైమాటే.

దీన్ని 2006లో కనుగొన్నారు, కానీ కంటితో చూసి కాదు. మన నిడదవోలు స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత వినండి. వస్తున్నప్పుడు కీచుగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది. అదే డాప్లర్ ప్రభావం. గ్రహం లాగడం వల్ల నక్షత్రం కూడా కొద్దిగా ఊగుతుంది. మనవైపు వచ్చేటప్పుడు దాని కాంతి నీలం వైపు, దూరమయ్యేటప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. ఆ తేడాను కొలిచి గ్రహం ఉందని తేల్చారు. ఇంటర్లో ఆ సూత్రాన్ని నేను మార్కుల కోసం బట్టీ పట్టాను. రోజూ వినే కూతలోనే అది ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆ నక్షత్రానికీ గ్రహానికీ పేర్లు పెట్టే అవకాశం మన దేశానికి ఇచ్చింది. విద్యార్థులనుంచి పేర్లు కోరారు. సూరత్‌లో చదివే ఇరవై ఏళ్ళ కుర్రాడు, భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి గౌరవార్థం నక్షత్రానికి 'బిభా' అన్నాడు. అంటే కాంతి. పుణేలోని పదమూడేళ్ళ బాలుడు గ్రహానికి 'సంతమస' అన్నాడు. అంటే మబ్బు కమ్మినది. అవే ఖాయమయ్యాయి.

ఆ పిలుపు వచ్చినప్పుడు నేను ఇంటర్ విద్యార్థిని. నాకు కబురే అందలేదు. మన వెనకబాటు తెలివిలో లేదు, కబురు అందకపోవడంలో ఉందని నా అభిప్రాయం. అందుకే ప్రతి హాస్టల్ నోటీసు బోర్డులో మెనూ పక్కన ఇలాంటి ప్రకటనలకూ చోటుండాలి. నెలకు ఒక రాత్రి డాబా మీద ఆకాశం చూపించాలి. ఆ రాత్రికి నేను తప్పక వస్తాను.

తమ్ముళ్ళూ, ఈ రాత్రి రైలు కూత వినండి. రేపు మీ సారును ఒక్క ప్రశ్న అడగండి. మరో గ్రహానికి మీలో ఒకరు పేరు పెట్టిన రోజు మా నాన్నకు నేను వేరే జవాబు చెప్పనక్కర్లేదు.