కథ మధ్యలో ఆపే హక్కు ఎవరిచ్చిన్రు?

మన డైనింగ్ హాలులో ఆదివారం చూసే సీరియల్ ఆగిపోయి నెల దాటింది. పదో తరగతి అక్కలు, ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు ఇంకా దాని గురించే కొట్లాడుకుంటున్నరు. హీరోయిన్‌కు పెళ్ళయిందని ఒకరు, డైరెక్టరుతో గొడవ పడిందని ఇంకొకరు. ఇవన్నీ ఊహలు. నా అభిప్రాయం వేరే. ఆపేముందు చూసేవాళ్ళు ఎంతమంది అని లెక్క తీస్తరు. ఆ లెక్కలో మనం లేము. ఎట్ల లేమో రాస్తాను. ఓపికగా చదవండి, పేపరు మీద పప్పు చేతులు పెట్టకండి.

సీరియల్ పేరు రాయను, అందరికీ తెలిసిందే. కొత్తగా చేరిన ఐదో తరగతి వాళ్ళ కోసం రెండు మాటలు. ఒక పల్లెటూరి అమ్మాయి. ఇంట్ల మొదట చదువుకున్నది ఆమెనే. నర్సు చదువుకు పట్నం పోతది. ఇటు తండ్రి భూమి మీద కేసు. రేపు కోర్టు తీర్పు, రేపే ఆమె పరీక్ష. ఊరి బస్సు ఎక్కాల్నా, కాలేజీకి పోవాల్నా అని బస్టాండులో సంచి పట్టుకొని నిలబడ్డది. అక్కడ ఆపిన్రు. తరువాతి ఆదివారం ఆ టైముకు వంటల కార్యక్రమం వచ్చింది. ‘సమాప్తం’ అని కూడా పడలేదు. ఆమె ఇంకా బస్టాండులోనే ఉన్నది.

మా ఇంట్ల గోండి మాట్లాడుతం. నేను ఇక్కడ తెలుగులో చూసిన కథను సెలవులకు ఇంటికి పోయి అమ్మకు గోండిలో చెప్తాను. అమ్మ కంకులు కొడుతూ వింటది, మధ్యలో ప్రశ్నలు అడుగుతది. ఈ దసరాకు పోతే “కేసు ఏమైంది?” అని మొదట అదే అడుగుతది. నేను ఏం చెప్పాలె?

టీవీ వాళ్ళు మనకు కథలు అమ్ముతరని అనుకుంటం. అది తప్పు. కథకు డబ్బులు ఇచ్చేది సబ్బు కంపెనీ, పేస్టు కంపెనీ, నూనె కంపెనీ. టీవీ వాళ్ళు ఆ కంపెనీలకు అమ్మేది మనల్ని, అంటే మనం చూసే టైమును. దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైనప్పుడు ప్రకటనలు లేవు. 1976 నుండి తీసుకుంటున్నారు. 1984లో ‘హమ్ లోగ్’ అని ఒక సీరియల్ వచ్చింది. మన దేశంలో కంపెనీ డబ్బుతో నడిచిన మొదటి సీరియల్ అదే. డబ్బు పెట్టింది మ్యాగీ నూడుల్స్ వాళ్ళు. కథేమో ఒక మధ్యతరగతి కుటుంబం కష్టాలు, మధ్యలో నూడుల్స్. అప్పటి నుండి సీరియల్ అంటే ఇదే పద్ధతి. చూసేవాళ్ళు ఏడిస్తే సరిపోదు, ఏడ్చి షాపుకు పోయి కొనాలె.

మరి ఎంతమంది చూసిన్రో వాళ్ళకు ఎట్ల తెలుస్తది? కొన్ని ఇళ్ళల్లో మీటర్లు పెడతరు. ఆ ఇళ్ళు ఏవో బయటికి చెప్పరు. ఈ పని బార్క్ అనే సంస్థ చేస్తుంది. 2020లో దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 21 కోట్లు, మీటర్లు సుమారు 44,000. నేను భాగించి చూసిన, లెక్కల సార్‌కు కూడా చూపించిన. 4,772 ఇళ్ళకు ఒక మీటరు వచ్చింది. ఒక ఇల్లు ఛానల్ మారిస్తే 4,772 ఇళ్ళు మార్చినట్టు! మా మండలంలో మీటరు ఉన్న ఇల్లు ఉందంటే నేను నమ్మను. 2015 అక్టోబరు దాకా అయితే పల్లెటూళ్ళను అసలు లెక్కలోకే తీసుకోలేదు, పట్టణాల్లోనే కొలిచిన్రు. పల్లెలను కలిపినాక ఉచితంగా వచ్చే ఛానళ్ళు ఒక్కసారి పైకి వచ్చినయి. అంటే అంతకుముందు కూడా మన పల్లెల వాళ్ళు చూస్తూనే ఉన్నరు, చూసినట్టు ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఇంకొక మాట. మీటర్లు పెట్టేది ఇళ్ళల్లో. హాస్టలు ఇల్లు కాదు. మనం 280 మందిమి నేల మీద కూర్చొని, వెనుక వాళ్ళు బల్లలెక్కి, ఒక్క టీవీని చూస్తం. ఆ లెక్కలో మనం సున్నా. ఒక ఇంట్ల నలుగురు చూస్తే నలుగురు. 280 మంది చూస్తే సున్నా. ఇది ఏ లెక్కల పుస్తకంలో ఉంది?

ఇంటి దగ్గర సంగతి కూడా రాయాలె. మా ఊర్ల చాలా ఇళ్ళ మీద దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ గొడుగు ఉంటది. ఒకసారి కొని బిగిస్తే నెల నెలా కట్టేది లేదు. మా చిన్నమ్మ అందులో హిందీ సీరియల్ చూసేది. మహారాష్ట్ర దగ్గర కాబట్టి మా వైపు హిందీ కొంచెం అందరికీ వస్తది. 2019లో ఛానళ్ళకు కొత్త ధరల పద్ధతి వచ్చింది. ఆ మార్చిలో నాలుగు పెద్ద కంపెనీలు ఫ్రీ డిష్‌లో ఇస్తున్న హిందీ సీరియళ్ళ ఛానళ్ళను తీసేసుకున్నాయి. డబ్బులు కట్టి చూసేవాళ్ళ వైపు పోయినయి. మా చిన్నమ్మ గొడుగు చెడిపోయిందని చిన్నాయనను మూడుసార్లు ఇల్లెక్కించింది. గొడుగు మంచిగనే ఉంది. 2020లో ఆ ఛానళ్ళు మళ్ళీ వచ్చినయి, ఎందుకంటే పల్లెల వాళ్ళు చూడకపోతే ప్రకటనల డబ్బు తగ్గింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ పోయినయి. పోయేటప్పుడు అడగలేదు, వచ్చేటప్పుడూ అడగలేదు.

అడిగి సాధించుకున్న వాళ్ళు కూడా ఉన్నరు. అది మన అమ్మానాన్నల చిన్నప్పటి సంగతి. రామానంద్ సాగర్ తీసిన ‘రామాయణ్’ 1987 జనవరి 25న మొదలైంది. ఆదివారం పొద్దున వచ్చేది. ముందు 52 భాగాలు అనుకున్నరు, జనం అడిగిన కొద్దీ పెంచి 78 చేసిన్రు. 1988 జూలై 31న ముగిసింది. రాముడి పట్టాభిషేకంతో సరిపెట్టి, ఉత్తరకాండ తియ్యలేదు. అప్పుడు పంజాబ్‌లోని జలంధర్‌లో వీధులు ఊడ్చే కార్మికులు సమ్మె చేసిన్రు. జీతం కోసం కాదు, మిగిలిన కథ కోసం! వీధుల్లో చెత్త పేరుకుపోయింది. వేరే ఊళ్ళకూ సమ్మె పాకింది. చివరికి ప్రభుత్వం ఒప్పుకున్నది, లవకుశుల కథ కూడా టీవీలో వచ్చింది.

ఇది చదివి నవ్వినవాళ్ళు ఉన్నరు, సీరియల్ కోసం సమ్మెనా అని. నేను నవ్వలేదు. ఆ కార్మికుల్లో చాలామంది వాల్మీకిని గురువుగా కొలిచే వాళ్ళు. వాల్మీకి ఆశ్రమం, సీతకు ఆయన ఆశ్రయం ఇచ్చుడు, పిల్లలకు చదువు చెప్పుడు, ఇవన్నీ ఉత్తరకాండలోనే ఉంటయి. కథలో వాళ్ళ మనిషి రాకముందే అయిపోయింది పొమ్మన్నరు. కోపం రాదా? ఆ రోజుల్లో అడగడానికి ఒక్క దూరదర్శన్ ఉండేది, అది ప్రభుత్వానిది. ఊరు ఊడ్వకపోతే ప్రభుత్వానికి వాసన తగిలింది. మనం ఆదివారం చీపుర్ల వంతు మానేస్తే ఛానల్ వాళ్ళకు తెలియను కూడా తెలియదు, వార్డెన్ మేడంకు మాత్రం తెలుస్తది.

సోషల్ సార్ అన్నరు: “నష్టం వచ్చేదాన్ని ఎవరైనా ఎన్ని రోజులు నడుపుతరమ్మా? కెమెరా వాళ్ళకు, లైట్లు పట్టేవాళ్ళకు రోజూ కూలి ఇవ్వాలె గదా.” నిజమే. నష్టపోయి వెయ్యి భాగాలు తియ్యమని నేను అనను. అసలు కొన్ని సీరియళ్ళు ఆపితేనే పుణ్యం. కోడలి పాలల్లో అత్త ఏదో కలిపి, ఆమె గ్లాసు ఎత్తి నోటి దగ్గరికి తెచ్చేసరికి నాలుగు రోజులు గడుస్తున్నయి. పాలు విరిగిపోవా?

కాని కూలి తీసుకొని కథ చెప్పేవాళ్ళు మాకూ ఉన్నరు. మా గోండుల కథలు చెప్పేది ప్రధానులు. కిక్రి వాయిస్తూ మా దేవుళ్ళ కథ, మా వంశం కథ పాడుతరు. వాళ్ళూ ఊరికే చెప్పరు. వాళ్ళ గోండు ఇళ్ళ నుండి ధాన్యం, బట్టలు తీసుకుంటరు. ఇప్పుడు ఆ ధాన్యంతో ఇల్లు గడవదని వాళ్ళ పిల్లలు చాలామంది కిక్రి పట్టడం లేదు, అది వేరే బాధ. కాని ఒక్కటి చూడండి. వినేది ఎవరో ఇచ్చేది వాళ్ళే. నిద్ర ముంచుకొచ్చినా, వినేవాళ్ళు పది మందే మిగిలినా ప్రధాన్ కథను దాని చోటుకు చేర్చే కిక్రి కింద పెడతడు. టీవీలో వినేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు. ఇచ్చేవాడు లేచిపోతే వినేవాళ్ళను చీకట్లో కూర్చోబెట్టి కిక్రి తీసుకొని పోతరు.

కాబట్టి నేను అడిగేది సీరియల్ మళ్ళీ నడపమని కాదు. ఆపాలనుకుంటే ఒక అర్ధగంట ఇచ్చి కథ ముగించి ఆపాలె. అర్ధగంట కూడా దండగ అనుకుంటే, ఆ కథ రాసినాయన మనసులో చివర ఏమున్నదో పది లైన్లు రాసి టీవీలో చదివించాలె. వంటల కార్యక్రమంలో ఉల్లిగడ్డ వేగేలోపు ఆ పది లైన్లు అయిపోతయి. ఇంకొకటి, మీటర్ల వాళ్ళు హాస్టళ్ళను కూడా లెక్కపెట్టాలె. మనం ఈరోజు సబ్బు కొనకపోవచ్చు. హాస్టల్ సబ్బే రుద్దుకుంటం. రేపు నర్సులం, టీచర్లం అయినాక కొనమా?

ఈ విషయం మీద ఛానల్ వాళ్ళకు ఉత్తరం రాసిన. దాని కాపీ దీని పక్కన అంటించిన. కింద తెల్లకాగితం ఉంది, ఒప్పుకున్నవాళ్ళు పేరు, తరగతి రాయండి. ఒప్పుకోనివాళ్ళు వచ్చే నెల గోడ పత్రికలో జవాబు రాయండి, గుసగుసలు వద్దు. సంతకం బదులు పువ్వులు గియ్యకండి చెల్లెళ్ళూ, వాళ్ళు పేర్లే లెక్కపెడతరు. శనివారం స్టడీ అవర్ అయినంక కవరు అంటిస్తాను. కవరుకు 5 రూపాయలు, నా దగ్గర ఉన్నయి.

— 9వ తరగతి విద్యార్థిని