నల్లమల నీళ్లు మనవి కావా?

మార్కాపురంలో వేసవి వచ్చిందంటే వుజూ నీళ్లను కూడా చూసి చూసి వాడుకుంటాం. బోరు వేస్తే ఫ్లోరైడు, లేకుంటే ట్యాంకరు. కనుక నల్లమల మాట వచ్చినప్పుడు మనకు పులికంటే ముందు నీళ్లు గుర్తుకు రావాలి. గుండ్లకమ్మ పుట్టేది ఆ కొండల్లోనే. కంభం చెరువును నింపేదీ ఆ నీళ్లే.

2019 మే నెలలో కృష్ణకు అవతలి ఒడ్డున, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. అన్వేషణే కదా, తవ్వకం కాదు కదా అన్నారు. అన్వేషణ అంటే అడవిలోకి దారులు వేయడం, యంత్రాలు తేవడం, రాతిలోకి లోతుగా బోర్లు దించడం. ఖనిజం దొరికాక చూసి ఊరుకోవడానికి ఎవరూ అంత ఖర్చు పెట్టరు. చెంచులు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించారు. వారి పెంటల్లో లేచిన వ్యతిరేకత హైదరాబాదు దాకా వెళ్లింది. ఆ ఏడు సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇవతలి ఒడ్డున మనలో చాలామందిమి మాత్రం అది పక్క రాష్ట్రం గొడవ అనుకున్నాం. మేమూ అలాగే అనుకున్నామని ఒప్పుకోవాలి.

కరెంటు కావాలి, ఉద్యోగాలు కావాలి అనేవారి మాట తోసిపుచ్చదగినది కాదు. పలకల గనుల మీద బతికిన ఊరు మనది. గని పెట్టే కూడూ తెలుసు, దుమ్ము పీల్చినవాడి దగ్గూ తెలుసు. కానీ కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గర రైతులు వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సంస్థ కాదంటోంది. తగవు తేలేదాకా రైతు తాగవలసింది ఆ నీళ్లే.

2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు గనులపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం వచ్చి వద్దన్నారు. ఆ గని నేటికీ తెరుచుకోలేదు. ఇప్పుడు ఆ వేదికే లేదు. అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని 2025 సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. శాసనసభ తీర్మానమా, అది చట్టం కాదు.

మరి మన చేతిలో మిగిలింది గ్రామసభ. యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, అర్ధవీడు, గిద్దలూరు మండలాల్లో యంత్రాలు రాకముందే, చెంచు గూడేల పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ విషయం పుస్తకంలో రాయించాలి. వచ్చే గ్రామసభకు మన మస్జిదు కమిటీల వారూ వెళ్లాలని కోరుతున్నాం.